ఏ సంవత్సరపు బండి?

మా నాన్నగారికి రెండు పుట్టినరోజులు ఉన్నవి. ఒకటి మా నాయనమ్మ చెప్పినది. ఆ యేడు వానలు వెనుకబట్టి, నాట్లు ఆలస్యమై, ఊళ్ళో వాళ్ళంతా పొలాలలో ఉన్న భాద్రపద మాసంలో ఆయన పుట్టినారట. రెండవది బడిలో చేర్చిన నాడు హెడ్మాస్టరుగారు పుస్తకంలో వ్రాసినది. అది జూలై ఒకటవ తేది. పిల్లవానికి వయస్సు చాలకపోతే ఒక యేడు పెద్దవానిగా వ్రాసి చేర్చుకోవడం ఆ రోజులలో ఊరూరా జరిగినదే. దానిని మోసమని ఎవరూ అనుకోలేదు. కాని ఉద్యోగం చివర ఆ కాగితం తన లెక్క తాను చెప్పినది. తన నిజమైన వయస్సుకు పద్నాలుగు నెలలు ముందుగానే ఆయన పదవీ విరమణ చేయవలసి వచ్చినది. పద్నాలుగు నెలల జీతం ఒక మధ్యతరగతి కుటుంబానికి ఎంతటిదో శ్రోతలకు నేను చెప్పనక్కరలేదు.

మనుష్యులకు ఉన్న ఈ చిక్కే మోటారు బండ్లకూ ఉన్నది. ఈమధ్య ఒక సందర్భంలో ఆ సంగతి మళ్ళీ నా అనుభవానికి వచ్చినది. మా బావమరిది ఫిలింనగర్‌లో ఒక ఎడిటింగ్ గదిలో పనిచేస్తాడు. పని ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఇద్దరు పిల్లలు, ఇల్లు చాలా దూరం. ఎంతో కాలంగా కూడబెట్టిన డబ్బుతో ఒక పాత కారు కొనదలచి, నాకు ఫోను చేసినాడు. “బావా, జూబిలీ హిల్స్‌లో ఒక బండి చూచినాను. పందొమ్మిది మోడల్. మీరొకసారి వచ్చి చూస్తే ధైర్యంగా ఉంటుంది,” అన్నాడు.

వెళ్ళినాను. బండి ముచ్చటగానే ఉన్నది. తుడిచి, మెరుగు పెట్టి, బానెట్టు మీద మన ముఖం కనిపించేట్లు నిలబెట్టినారు. అమ్మే ఆయన మర్యాదస్థుడు. “ఒక్కరి చేతి బండి సార్, పందొమ్మిది మోడల్,” అన్నాడు. ఆర్.సి. చూపమన్నాను. చూపినాడు. రిజిస్ట్రేషన్ తేది 2019 జనవరి నెలలో ఉన్నది. ఆయన మాట నిజమే. కాని అదే కార్డులో తయారైన నెల, సంవత్సరం అని మరొక గడి ఉన్నది. అక్కడ 2018 మార్చి అని ఉన్నది. ఆ గడి మీద వేలు పెట్టి చూపితే ఆయన ఏమీ తడబడలేదు. “బజారులో మోడల్ అంటే రిజిస్ట్రేషనే సార్. అందరూ అట్లానే అంటారు,” అన్నాడు. మా బావమరిది నన్ను పక్కకు పిలిచి, “పది నెలలకు ఇంత రాద్ధాంతం ఎందుకు బావా?” అన్నాడు.

ఈనాటి నా ప్రసంగం అతని ప్రశ్నకు సమాధానం.

ప్రతి కారుకూ మూడు తేదులు ఉంటవి. మన ఇండ్లలోని మాటలలో చెప్పాలంటే ఒకటి పుట్టుక, ఒకటి నామకరణం, ఒకటి బడిలో పేరు వేయించడం. కర్మాగారంలో తయారై బయటికి వచ్చిన నెల దాని పుట్టుక. ఇది ఫలానా సంవత్సరపు మోడల్ అని కంపెనీ పెట్టే పేరు దాని నామకరణం. రవాణా శాఖ వారి పుస్తకంలో అది ఎక్కిన రోజు బడిలో పేరు వేయించిన రోజు. ఈ మూడూ ఒకే సంవత్సరంలో పడితే ఏ పేచీ లేదు. పడకపోతే, ఎవరికి అనుకూలమైన తేదిని వారు చెప్పుకొంటారు. అమ్మేవాడు చిన్న వయస్సు చెప్తాడు, కొనేవాడు పెద్ద వయస్సు చెప్తాడు. ఇద్దరూ అబద్ధమాడడం లేదు. ఇద్దరూ వేరువేరు తేదులను చూస్తున్నారు.

ఈ ఎడం ఎందుకు వస్తుంది? కర్మాగారంలో తయారైన కారు ఆ మరునాడే మన వీధిలోకి రాదు. కంపెనీ వారి ఆవరణలో కొన్నాళ్ళు, లారీల మీద కొన్నాళ్ళు, డీలరు గోదాములో కొన్నాళ్ళు గడుస్తవి. గిరాకీ ఉన్న బండి అయితే నెల తిరగకుండా ఇల్లు చేరుతుంది. గిరాకీ లేని రంగు, గిరాకీ లేని రకం అయితే ఎండకు ఎండి, వానకు తడిసి నెలల తరబడి అక్కడే ఉండిపోతుంది. డిసెంబరు నెలలో పత్రికలనిండా కనిపించే తగ్గింపు ధరల ప్రకటనలకు మూలం ఇదే. సంవత్సరం మారితే ఆ బండికి ఒక యేడు వయస్సు మీద పడుతుందని డీలరుకు తెలుసు.

మన తెలుగువారి విషయంలో మరొక కారణం కూడా ఉన్నది. ఆషాఢంలో బండి కొనరు. మహాలయ పక్షాలలో కొనరు. మూఢం వచ్చినదంటే కొనరు. డిసెంబరు నడుమ మొదలై భోగి వరకు నడిచే ధనుర్మాసంలో కొనడానికి చాలా కుటుంబాలు ఒప్పుకోవు. డబ్బు కట్టి, రంగు ఎంచుకొని, సంక్రాంతి వెళ్ళిన తరువాతే ఇంటికి తెచ్చుకొంటామంటారు. జూబిలీ హిల్స్‌లోని పెద్దమ్మ గుడి ముందు పూలదండలతో, చక్రాల క్రింద నిమ్మకాయలతో కొత్త బండ్లు నిలుచున్న రోజులను, అసలే కనిపించని రోజులను గమనించినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఆ విధంగా నవంబరులో తయారైన బండి జనవరిలో రిజిస్టరవుతుంది. తయారైనది ఒక యేడు, రోడ్డెక్కినది మరొక యేడు. ఇందులో ఎవరి దోషమూ లేదు.

నంబరు మీది మోజు కూడా కొంత ఆలస్యానికి కారణం. ఖైరతాబాదు రవాణా కార్యాలయంలో ఇష్టమైన అంకెల కోసం జరిగే వేలం సంగతి పత్రికలలో చూస్తూనే ఉన్నాము. 2024లో అక్కడ 9999 అన్న సంఖ్య పాతిక లక్షల రూపాయలకు పైగా పలికినది. కోరిన సంఖ్య వచ్చే వరకు ఆగుదామనే వారు, జనవరి దాకా ఆగితే కాగితం మీద కొత్త సంవత్సరం పడుతుందని లెక్క వేసుకొనేవారు, ఇద్దరూ ఉన్నారు. ఈ రెండవవారు రేపు అమ్మబోయే నాటి ధరను ఈనాడే ఆలోచిస్తున్నారన్న మాట.

ఇక మోడల్ సంవత్సరం అన్న మాట ఎక్కడ పుట్టినది? అది అమెరికా దేశపు మాట. 1920ల దశకంలో జనరల్ మోటార్స్ సంస్థను నడిపిన ఆల్ఫ్రెడ్ స్లోన్, ప్రతి యేడూ కారు రూపురేఖలలో కొంత మార్పు చేసి కొత్తదిగా చూపే పద్ధతిని వ్యాపారానికి ఇరుసుగా చేసినాడు. పక్కింటివాని కారు ఈ యేటిదై, మన కారు నిరుటిదైతే మనస్సు ఊరుకోదు గదా. అక్కడ చాలాకాలం రాబోయే యేటి మోడళ్ళను ముందటి యేడు శరదృతువులోనే బజారుకు తెచ్చేవారు. ఇప్పటికీ అక్కడి నిబంధనల ప్రకారం ఒక మోడల్ సంవత్సరంలో ఒక్క జనవరి ఒకటవ తేది మాత్రమే ఉండవలెను. ఆ హద్దులో ఉన్నంతవరకు, 2024 ఫిబ్రవరిలో తయారైన కారును 2025 మోడల్ అని పిలవడం అక్కడ న్యాయసమ్మతమే. మన దేశంలో పుట్టుక కంటె రిజిస్ట్రేషన్ వెనుకబడి వస్తే, అక్కడ పుట్టుక కంటె పేరు ముందుకు పోతుంది.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఫోర్డు వారి ముస్టాంగ్ కారు. అది 1964 ఏప్రిల్ 17న బజారులోకి వచ్చినది. ఆ యేటి మోడళ్ళు అప్పటికే వచ్చి సగం కాలం గడిచినది. కంపెనీ వారు దానికి 1965 మోడల్ అనే పేరే పెట్టినారు. సంఖ్యలో కూడా అట్లానే గుర్తించినారు. కాని ఆ మొదటి నెలలలో తయారైన వాటిలో కొన్ని భాగాలు తరువాతి వాటికంటె వేరుగా ఉన్నవి. అందువలన వాటిని సేకరించేవారు నేటికీ అరవైనాలుగున్నర మోడల్ అంటారు. కాగితంలో లేని సంవత్సరం జనం నోట నిలిచిపోయినది.

1981 మోడల్ సంవత్సరం నుండి అమెరికాలో ప్రతి బండికీ పదిహేడు అక్షరాలు, అంకెలతో కూడిన గుర్తింపు సంఖ్య తప్పనిసరి అయినది. అందులో పదవ స్థానం మోడల్ సంవత్సరానిది. 1980కి ఎ అనే అక్షరం, 1981కి బి, ఇట్లా సాగుతుంది. అంకెలతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ, యు, జడ్ అనే అక్షరాలను, సున్నను విడిచిపెట్టినారు. మిగిలినవి ఇరవై ఒక్క అక్షరాలు, తొమ్మిది అంకెలు; మొత్తం ముప్పై. ముప్పై యేండ్లకు చక్రం ఒకసారి తిరుగుతుంది. 1995కు ఉన్న ఎస్ అక్షరమే 2025కు మళ్ళీ వచ్చినది. ఇది మనకు కొత్తగా తోచవలసిన పనిలేదు. ప్రభవ మొదలు అక్షయ వరకు అరవై సంవత్సరాల చక్రం మనకు ఉండనే ఉన్నది. 1965లో వచ్చిన విశ్వావసు నామ సంవత్సరమే 2025 ఉగాదికి మళ్ళీ వచ్చినది. విశ్వావసులో పుట్టినానని ఒకరు చెప్తే, ముఖం చూచి ఏ విశ్వావసువో మనం తెలిసికొంటాము. ఫిబ్రవరిలో పుట్టినవానికి ఇంగ్లీషు లెక్కలో కొత్త సంవత్సరమైనా, ఉగాది రానందున మన లెక్కలో పాత సంవత్సరమే. సంవత్సరం అన్నది ఎవరి లెక్కలో అన్న ప్రశ్న మన ముత్తాతల కాలం నుండీ ఉన్నదే.

ఇంగ్లండులో మరొక దారి పట్టినారు. 1963 నుండి నంబరు పలక మీదనే సంవత్సరాన్ని సూచించే అక్షరం వేయనారంభించినారు. అది తయారైన యేటిది కాదు, రిజిస్టరైన కాలానిది. 1967 నుండి ఆ అక్షరం ఆగస్టు ఒకటిన మారేది. దానితో జనం జూలైలో కొనడం మాని, కొత్త అక్షరం కోసం ఆగస్టు కొరకు కాచుకొని ఉండేవారు. ఆ రద్దీని భరించలేక 1999 నుండి యేటికి రెండుసార్లు, మార్చిలోను సెప్టెంబరులోను మార్చే పద్ధతి పెట్టినారు. మన ధనుర్మాసపు లెక్కకూ, వారి ఆగస్టు లెక్కకూ పేర్లు వేరు గాని ఫలితం ఒకటే.

మన దేశంలో పూర్వం ఈ గొడవ ఇంత లేదు. కారణం కార్లు మారకపోవడమే. హిందుస్థాన్ మోటార్స్ వారి ల్యాండ్‌మాస్టర్ 1954లో వచ్చినది. దాని తరువాత 1957–58 ప్రాంతంలో వచ్చిన అంబాసడర్ 2014 వరకు తయారైనది. దానిని మార్క్ వన్, మార్క్ టూ అని గుర్తుపట్టేవారు గాని ఏ యేటిదని గుర్తుపట్టేవారు కారు. కారు కావలెనంటే యేండ్ల తరబడి వరుసలో ఉండవలసిన ఆ కాలంలో, చేతికి వచ్చిన రోజే పండుగ. అది గోదాములో నిలిచి ఉన్నదేమో అన్న శంకకే తావు లేదు.

ఫిలింనగర్ మాట వచ్చినది గనుక ఒక ముచ్చట. పాత కాలపు కథను తెరకెక్కించే కళా దర్శకులకు ఈ సంవత్సరాల పట్టింపు మనందరికంటె ఎక్కువ. 1956 నవంబరు ఒకటిన ఆంధ్రప్రదేశ్ అవతరించిన నాటి దృశ్యంలో అంబాసడర్ కారును నిలబెడితే, తెలిసిన ప్రేక్షకుడు నవ్వుతాడు. అక్కడ ల్యాండ్‌మాస్టర్ ఉండవలెను. 1983 డిసెంబరుకు పూర్వపు కథలో మారుతి 800 కనిపించరాదు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014 జూనుకు ముందటి కథలో టి.ఎస్. అక్షరాల పలక ఉండరాదు. 2024 మార్చికి ముందటి కథలో టి.జి. అక్షరాలు ఉండరాదు. తెర మీద మూడు నిమిషాలు కనిపించే బండికి ఇంత జాగ్రత్త పడతాము. మన సొంత డబ్బుతో కొని, పదేండ్లు ఇంటి ముందు నిలుపుకొనే బండికి ఆ జాగ్రత్తలో సగమైనా పడము.

హైదరాబాదులో ఇంతకంటె పాత ఉదాహరణ కూడా ఉన్నది. చౌమహల్లా భవనంలో నిజాం ప్రభువుల పసుపు రంగు రోల్స్ రాయిస్ కారును మీలో చాలామంది చూచి ఉంటారు. దానిని 1912 నాటి కారని చెప్తారు. కోరి చేయించినవారు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్. ఆయన 1911లోనే కాలం చేసినారు. కారు చేతికి వచ్చినది కుమారుడు ఉస్మాన్ అలీఖాన్‌కు. కోరిన తేది ఒకరి పాలనలో, వచ్చిన తేది మరొకరి పాలనలో. ఆ కారు ఎవరి కాలానిది అని అడిగితే, ఏ తేదిని బట్టి అడుగుతున్నారని ఎదురు ప్రశ్న వేయవలసి ఉంటుంది.

ఇప్పుడు మా బావమరిది ప్రశ్నకు వస్తాను. పది నెలల తేడా వలన నష్టమేమిటి? మన చట్టాలు అన్ని పనులకూ ఒకే తేదిని లెక్కలోకి తీసుకోవు. చిక్కంతా ఇక్కడ ఉన్నది.

సొంత వాడకపు కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేండ్లు చెల్లుతుంది. ఆ పదిహేనేండ్లు రిజిస్ట్రేషన్ ఇచ్చిన రోజు నుండి లెక్క. ఈ లెక్కలో మా బావమరిది చూచిన బండి పందొమ్మిదిదే; అతనికి నష్టం లేదు. యాభై యేండ్లు నిండిన బండ్లకు 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకమైన పాతకాలపు వాహనాల రిజిస్ట్రేషన్ పెట్టినది. అక్కడా మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుండే యాభై లెక్కిస్తారు. విదేశాల నుండి పాత కారు తెప్పించుకొనే చోట మాత్రం లెక్క మారుతుంది. తయారైన తేది నుండి మూడేండ్లు దాటిన బండిని రానీయరు. అక్కడ రిజిస్ట్రేషన్ చూపి బ్రతిమాలితే ప్రయోజనం లేదు.

పొగ ప్రమాణాల సంగతి ఇంకా తీవ్రమైనది. భారత్ స్టేజ్ మూడు ప్రమాణపు బండ్లను 2017 ఏప్రిల్ ఒకటి నుండి అమ్మరాదనీ, రిజిస్టరు చేయరాదనీ సుప్రీంకోర్టు ఆ మార్చి 29న ఆదేశించినది. అప్పటికి దేశంలో అమ్ముడుపోక నిలిచిన బండ్లు ఎనిమిది లక్షలకు పైగా ఉన్నవి. వాటిలో ఎక్కువ భాగం మోటారు సైకిళ్ళు, స్కూటర్లు. ఆ చివరి రెండు రోజులు షోరూముల ముందు జనం బారులు తీరిన దృశ్యం మనకు గుర్తే. మూడేండ్ల తరువాత భారత్ స్టేజ్ నాలుగుకు 2020 మార్చి 31 గడువు వచ్చినది. అదే వారంలో దేశమంతా మూతపడినది. నిబంధనల ప్రకారం, సకాలంలో తయారై కూడా, గడువులోగా అమ్ముడుపోని బండి రోడ్డెక్కే హక్కు పోగొట్టుకొన్నది. పుట్టుక సక్రమమే, బడిలో పేరు వేయించడం ఆలస్యమైనది.

ఇక బీమా. కారు పోయినా, పూర్తిగా ధ్వంసమైనా బీమా కంపెనీ ఇచ్చే మొత్తం దాని వయస్సును బట్టి తరుగుతుంది. మోటారు బీమా పట్టిక ప్రకారం ఆరు నెలలలోపు బండికి కొత్త ధరలో నూటికి 5, యేడాదిలోపు 15, రెండేండ్లలోపు 20, మూడేండ్లలోపు 30, నాలుగేండ్లలోపు 40, అయిదేండ్లలోపు 50 చొప్పున తగ్గిస్తారు. అయిదేండ్లు దాటితే ఉభయులూ ఒప్పుకొన్న విలువ. ఒక్క మెట్టు జారితే ఎంత పోతుందో చూడండి. బీమా పత్రంలో తయారీ సంవత్సరం అనే గడి ఉంటుంది. అక్కడ వ్రాసినది ఆర్.సి.లో ఉన్నదానితో సరిపోకపోతే, ఆపద వచ్చిన రోజున ప్రశ్న పుడుతుంది. ఆ రోజున ప్రశ్నలకు సమాధానం చెప్పే ఓపిక ఎవరికి ఉంటుంది?

వీటన్నిటికంటె ముందుగా తగిలేది అమ్మకపు ధర. ఈ మాట నా స్వానుభవం. కొన్నేండ్ల క్రితం జనవరిలో నేను ఒక కొత్త కారు కొన్నాను. మంచి తగ్గింపు ఇచ్చినారని సంతోషించినాను. కాగితాలన్నీ ఇంటికి తెచ్చి అల్మరాలో పెట్టినానే గాని చదవలేదు. ఆరేండ్ల తరువాత అమ్మబోయిన నాడు, కొనవచ్చిన కుర్రవాడు ఆర్.సి. చూచి, “అంకుల్, ఇది క్రిందటి ఫిబ్రవరిది కదా,” అన్నాడు. నేను కొత్తదని తెచ్చుకొన్న బండి దాదాపు యేడాది పాటు ఎక్కడో ఎండలో నిలిచినదన్న మాట. నాకు ఇచ్చిన తగ్గింపు కంటె నేను పోగొట్టుకొన్నది ఎక్కువ. ఆనాడు అమ్మినవారు నాకు అబద్ధం చెప్పలేదు. నేను అడగలేదు, వారు చెప్పలేదు. అడగనిది చెప్పకపోవడం వ్యాపారంలో నేర్పు కావచ్చును గాని మర్యాద కాదు.

అడిగినా ఒకటి చెప్పి మరొకటి ఇస్తే ఏమిటి? అట్లాంటి వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళినది. గోవాలో ఒక కొనుగోలుదారుకు 2011 మోడలుకు డబ్బు తీసుకొని, డీలరు 2009 నాటి కారు ఇచ్చినాడు. వినియోగదారుల న్యాయస్థానాలు డీలరుతో పాటు తయారుచేసిన కంపెనీని కూడా బాధ్యులను చేసినవి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, కంపెనీకి ఈ సంగతి తెలుసునని ఋజువు కానందున డీలరు చేసిన పనికి కంపెనీని బాధ్యునిగా చేయడం కుదరదని తీర్పు చెప్పినది. కంపెనీకీ డీలరుకూ ఉన్నది యజమానికీ గుమాస్తాకూ ఉన్న సంబంధం కాదు, సరకు కొని అమ్ముకొనే ఇద్దరు వ్యాపారుల సంబంధం అన్నది. మనం గ్రహించవలసినది ఒకటే. కంపెనీ పేరు పెద్దది గనుక భయం లేదనుకోరాదు. మన ఒడంబడిక మనకు బండి ఇచ్చేవానితో. ఏ నెలలో తయారైన బండి కావలెనో బుకింగు కాగితం మీదనే వ్రాయించుకోవలెను.

పరీక్షించుకోవడం కష్టమైన పని కాదు. మొదట ఆర్.సి.; తయారైన నెల, సంవత్సరం అందులో విడిగా ఉంటవి. కొత్త బండి అయితే డీలరు ఇచ్చే అమ్మకపు ధ్రువపత్రం, అంటే ఫారం 21 చూడవలెను. అందులోనూ తయారీ నెల ఉంటుంది. తరువాత బండి మీదనే చూడవలెను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 122వది చాసీ సంఖ్యనూ, ఇంజను సంఖ్యనూ, తయారైన నెలనూ బండిపై చెక్కవలెనంటుంది. సంవత్సరాన్నీ నెలనూ సూచించే అక్షరాలు చాసీ సంఖ్యలో ఏ స్థానంలో ఉంటవో కంపెనీని బట్టి మారుతుంది గనుక, తెలిసిన మెకానిక్ చేత చదివించుకోవడం మంచిది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటవి. 0918 అని ఉంటే 2018వ సంవత్సరంలో తొమ్మిదవ వారంలో ఆ టైరు తయారైనదని అర్థం. బండి కంటె టైర్లు కొంచెం ముందువై ఉండడం సహజం. బాగా తరువాతివైతే మార్చినారన్న మాట, అదీ తెలియవలసినదే.

నంబరు పలకను మాత్రం నమ్మరాదు. ఇతర రాష్ట్రాల నుండి వచ్చి ఇక్కడ తిరిగి రిజిస్టరైన బండికి ఇక్కడి కొత్త వరుసలో నంబరు వస్తుంది. పలక నిన్నటిది, బండి పదేండ్లది కావచ్చును. కొత్త చొక్కా తొడిగినంత మాత్రాన వయస్సు తగ్గదు.

పాతబడిన బండి అంటే పనికిరాని బండి అని నా అభిప్రాయం కాదు. ఆరు నెలలు నిలిచిన కారు, బ్యాటరీ, టైర్లు, నూనెలు సరిచూచుకొంటే నిక్షేపంగా నడుస్తుంది. తగిన ధరకు అది మంచి బేరమే. నేను చెప్పేది ధర గురించి, అంతకంటె మాట గురించి. వయస్సు తెలిసి కొనడం వేరు, తెలియక కొనడం వేరు.

ఫిలింనగర్ వారికి ఈ సంగతి సినిమా ద్వారా అర్థమైనంత బాగా మరొక విధంగా కాదేమో. సినిమాకూ ఇట్లాగే తేదులు ఉన్నవి. చిత్రీకరణ ముగిసినది ఒక యేడు, సెన్సారు పత్రం ఒక యేడు, విడుదల మరొక యేడు కావచ్చును. జాతీయ చలనచిత్ర పురస్కారాలకు సెన్సారు తేదినే లెక్కిస్తారు. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన తొలి పూర్తి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని దశాబ్దాల పాటు అందరూ వ్రాసినారు, అందరూ నమ్మినారు. పాత్రికేయులు రెంటాల జయదేవ పాత పత్రికలు, పత్రాలు వెదకి, దాని సెన్సారు తేది 1932 జనవరి 22 అనీ, బొంబాయిలోని కృష్ణా సినిమా హాలులో అది 1932 ఫిబ్రవరి 6న విడుదలైనదనీ నిరూపించినారు. సెన్సారు కాకముందే చిత్రం విడుదల కావడం పొసగదు గదా. ఒక్క తేదిని మరొక తేదితో సరిచూడగానే ఎనభై యేండ్ల మాట మారిపోయినది. కాగితాలను పక్కపక్కన పెట్టి చదవడమే ఇందులోని రహస్యం.

ఆనాడు జూబిలీ హిల్స్‌లో మేము చేసినదీ అంతే. ఆర్.సి., బీమా పత్రం, టైరు మీది అంకెలు పక్కపక్కన పెట్టి చూచినాము. అమ్మే ఆయనతో నేను గొడవ పడలేదు. “అయ్యా, ఇది 2018 మార్చిలో తయారై, 2019 జనవరిలో రిజిస్టరైన బండి. ఈ రెండు మాటలూ కలిపి చెప్పండి, ఆ రెండు మాటలకూ తగిన ధర చెప్పండి,” అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి కొంత తగ్గించినాడు. అమ్మకపు కాగితం మీద రెండు తేదులూ వ్రాసి ఇచ్చినాడు. బయటికి వస్తున్నప్పుడు, “ఇట్లా అడిగేవాళ్ళు తక్కువ సార్,” అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు.

కనుక శ్రోతలు బండి కొనే నాడు ఇది ఏ సంవత్సరపు బండి అని మాత్రమే అడుగవద్దని నా మనవి. అది దేని సంవత్సరం, తయారైనదా, పేరు పెట్టినదా, రిజిస్టరైనదా అని అడుగండి. రేపు మీరు అమ్మే నాడు, ఎదుటివారు అడుగకపోయినా ఈ తేదులన్నీ చెప్పండి.

మా బావమరిది ఆ రాత్రి నుండి ఆ కారులోనే ఇల్లు చేరుతున్నాడు. మా నాన్నగారి పెన్షను కాగితాల మీద జూలై ఒకటే ఉన్నది. పుట్టినరోజు మాత్రం ఇంట్లో భాద్రపదంలోనే చేస్తాము.